ఈ ఖరీఫ్‌కి వరికి ఉభాలా (చేత్తో నాట్లు), ఎదా (విత్తనం నేరుగా పొలంలో చల్లడం), మిషనా (మిషన్ నాట్లు)? మీ ఇళ్లలో ఎప్పుడు మారారు, ఎందుకు మారారు?

నాగావళి_గట్టు
మాది శ్రీకాకుళం జిల్లా బూర్జ మండలం, నారాయణపురం కాలవ కింద. సొంతం మూడెకరాలు, కౌలుకి రెండు. నాన్నకి ఉభాలు తప్ప ఇంకోటి నచ్చదు. ఊళ్లో ఆకు (నారు) తీసేవాళ్లు లేరు, నాటేవాళ్లు లేరు. ఉన్న ఒకటి రెండు జట్లు గుత్తకి తప్ప రావడం లేదు, ఆ గుత్త రేటు ఏటా పెరుగుతోంది. పోయిన ఖరీఫ్‌లో జట్టు కోసం ఎదురుచూస్తుండగానే ఆకుమడిలో ఆకు ముదిరిపోయింది. నాటాక పిలకలే (మొదట్లోంచి వచ్చే పక్క మొలకలు) రాలేదు. తమ్ముడేమో ఈసారి ఎద చల్లేద్దాం అంటున్నాడు. "కాలవ కింద భూమికి ఎదేంట్రా, అది మెట్టోళ్ల పని" అని నాన్న కోప్పడుతున్నారు. రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ.

ఎన్ని బస్తాలు పండాయన్న లెక్కతో పాటు, మీ ఇళ్లలో నాటే పద్ధతి ఎప్పుడు మారింది, దేనివల్ల మారింది, మారాక ఏ ఇబ్బంది వచ్చింది అన్నీ రాయండి. నాన్నకి చదివి వినిపిస్తాను.

రాజాం_ట్రాక్టర్
మిషన్ పెట్టించండి. రెండో మాట లేదు.

వంశధార_శివారు
మిషన్ అనేముందు నీళ్ల సంగతి అడగాలి కదా బాబూ. మాది వజ్రపుకొత్తూరు వైపు, వంశధార ఎడమ కాలవ చిట్టచివర. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు వంద కిలోమీటర్లు దాటి మా దాకా రావాలి. పైవాళ్ల ఉభాలు అయ్యేదాకా మాకు చుక్క దిగదు. ఆకుమడి పోసుకుని కాలవ వైపు చూస్తూ కూర్చుంటే ఆకు ఎండిపోవడమో ముదిరిపోవడమో ఖాయం. అందుకే మా ఊళ్లో ఎక్కువమంది ఎదలోకి వచ్చేశారు. తొలకరికి పొడి దుక్కిలో చల్లేస్తాం, వానకి మొలుస్తుంది, కాలవ నీళ్లు ఎప్పుడొస్తే అప్పుడు అందుకుంటుంది. మాదీ కాలవ కింద భూమేనని మీ నాన్నగారికి చెప్పండి.

నరసన్నపేట_కోడలు
@వంశధార_శివారు ఎద చల్లాక కలుపు ఎవరు తీస్తున్నారు మీ ఊళ్లో? అది చెప్పండి ముందు.

వంశధార_శివారు
మందు కొడుతున్నామమ్మా. చల్లి తడి తగిలిన రెండు రోజుల్లోపు పెండిమిథాలిన్ ఎకరానికి లీటరు, మొలిచిన పదిహేను ఇరవై రోజులకి బిస్‌పైరిబాక్ వంద మిల్లీలీటర్లు. అప్పటికీ చావని ఊద, తుంగ ఉంటాయి. అవి చేత్తోనే తీయించాలి.

చీపురుపల్లి_మాస్టారు
"ఎద మెట్టోళ్ల పని" అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. మా తాతల కాలంలో మా వైపు వరి చాలావరకు ఎదే. చెరువు కిందున్న మడులకే ఉభాలు. మిగతా పల్లాల్లో రోహిణి, మృగశిర కార్తెల్లో పొడి దుక్కిలో విత్తనం చల్లేసేవారు. మొక్క జానెడు లేచి, మడిలో నీళ్లు నిలిచాక, తేలిక నాగలి కట్టి పైరు మీదనే పలచగా దున్నేవారు. చూసేవాళ్లకి గుండె ఆగిపోతుంది. దున్నాక కలుపు బురదలో కూరుకుపోతుంది, వరి మాత్రం నాలుగైదు రోజుల్లో తేరుకుని కొత్త వేళ్లు వేస్తుంది. తర్వాత చిక్కగా ఉన్నచోట పీకి, పలచగా ఉన్నచోట నాటేవారు. ఒడిశాలో ఇప్పటికీ ఇలా చేసే ఊళ్లున్నాయి. కలుపుమందు లేని రోజుల్లో ఎద నిలబడింది ఆ నాగలి వల్లనే. ఎద్దులు పోయాయి, ఆ దున్నకం పోయింది, దాని స్థానంలోకి మందు సీసా వచ్చింది.

మరి ఉభాలు ఇంతగా ఎలా పాకాయి? కాలవలు, బోర్లు ఒక కారణం. రెండోది పొట్టి రకాలు. 1960ల మధ్యలో తైచుంగ్ నేటివ్, దాని వెనకే ఐఆర్-8 వచ్చాయి. పాత పొడుగు రకాలు కలుపు కంటే ఎత్తు ఎదిగి దాన్ని నీడలో చంపేసేవి, కానీ ఎరువు వేస్తే పడిపోయేవి. పొట్టి రకం ఎరువు తట్టుకుంటుంది, పడిపోదు. కలుపుతో పోటీ మాత్రం పడలేదు. కాబట్టి దమ్ము చేసి (నీళ్లు పెట్టి బురదగా దున్ని), ఎదిగిన ఆకు నాటి, నీళ్లు నిలగట్టాల్సి వచ్చింది. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ రకం విడుదలయ్యాక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉభాలకి తిరుగు లేకుండా పోయింది. మీ నాన్నగారు చూసిన వ్యవసాయం అది. వారి తాతగారిని అడిగి ఉంటే ఇంకోలా చెప్పేవారు.

మెట్ట పంటల్లోనూ ఇంతే మార్పు. వేరుశనగకి నాగటి సాలు వెనకాల ఆడవాళ్లు గింజ వేసుకుంటూ నడిచేవారు. గోగు చల్లేవాళ్లం. ఆ గోగునార భీమిలి రేవు పేరు మీదే ఒకప్పుడు విదేశాల దాకా వెళ్లేది. ఇప్పుడు మా ఊళ్లో గోగు చెక్క అంటే పిల్లలకి తెలియదు, ఆ పొలాల్లో మొక్కజొన్న వేస్తున్నారు.

బెంగళూరు_సిక్కోలు
పైరు మీద దున్నే సంగతి మా తాత నోట కూడా విన్నాను మాస్టారూ. ఇప్పుడు పవర్ వీడర్‌తో (ఇంజనుతో కలుపు తీసే మిషన్) అలా చేయలేమా?

చీపురుపల్లి_మాస్టారు
వరసలు ఉంటే వీడర్ తిరుగుతుంది నాయనా. చల్లిన పైరులో వరస ఎక్కడుంది? ఎద్దు నాగలి పలచగా గీసుకుంటూ పోయేది, వీడర్ బ్లేడు దొరికింది దొరికినట్టు తిప్పేస్తుంది.

నైరా_వ్యవసాయం
మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. చల్లే ఎదలో వరస ఉండదు కానీ, ట్రాక్టర్ వెనక సీడ్ డ్రిల్‌తో పొడి దుక్కిలో వేస్తే వరస వస్తుంది, విత్తనమూ తగ్గుతుంది. చేత్తో చల్లితే ఎకరానికి పాతిక ముప్పై కిలోలు పోస్తారు. డ్రిల్‌తో అందులో సగం, కాస్త పైన సరిపోతుంది. విత్తనం ఎంత లోతున పడిందో అది ముఖ్యం. మూడు నాలుగు సెంటీమీటర్లు దాటితే మొలక సరిగా పైకి రాదు.

దమ్ము చేసిన మడిలో డ్రమ్ సీడర్ (కన్నాలున్న డ్రమ్ములు లాగుతూ వరసల్లో విత్తనం రాల్చే పరికరం) ఇంకో దారి. విత్తనం ఒక రోజు నానబెట్టి, ఒక రోజు మండె కట్టి (మూటగట్టి మొలకెత్తనిచ్చి), మోసు (మొలక) తెల్లగా కనబడగానే డ్రమ్ముల్లో పోయాలి. మోసు పొడుగైతే కన్నాల్లోంచి రాలదు, రాలినా విరిగిపోతుంది. డ్రమ్ముల్లో మూడొంతులు దాటి నింపకూడదు.

బొబ్బిలి_చెరువుకింద
డ్రమ్ సీడర్ మా ఊళ్లోనూ పట్టారు. మంచిదే. లాగిన రాత్రే గట్టి వాన పడితే మాత్రం గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి, మడిలో సగం బోడి, సగం పొద. మన జులై వానలకి ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. దాళ్వాకి (రబీ వరికి) అయితే బాగుంటుంది.

తక్కువ విత్తనంతో, లేత ఆకు దూరంగా నాటే శ్రీ పద్ధతి గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2003 ఖరీఫ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం రాష్ట్రమంతా ప్రదర్శనలు పెట్టింది. మడగాస్కర్‌లో ఒక ఫాదరీ అక్కడి రైతులతో కలిసి రూపొందించిన పద్ధతి అని మీటింగుల్లో చెప్పేవారు. తర్వాతి ఏళ్లలో మా ఇంట్లోనూ వేశాం. ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలంటే మా నాయనమ్మ నమ్మలేదు, "రెండు కిలోలు కోళ్లకే సరిపోవు" అంది. పది పన్నెండు రోజుల ఆకు, రెండు ఆకులు మాత్రమే ఉన్న మొక్క. వేరుకి అంటిన మట్టి, గింజ ఊడకుండా తీసుకెళ్లి, పాతిక సెంటీమీటర్లకొకటి చొప్పున గళ్లల్లో పెట్టాలి. నాటిన వారం మడి చూస్తే ఏమీ నాటనట్టే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లంతా ఆగి అడిగేవాళ్లు. నెల దాటాక ఆ ఒక్క మొక్కే ముప్పై నలభై పిలకలు తొడిగింది. దిగుబడి బాగా వచ్చింది, అబద్ధం చెప్పను.

మరి ఎందుకు మానేశాం అంటే, నీళ్లు. శ్రీలో మడి తడుపుతూ ఆరబెడుతూ ఉండాలి. మా చెరువు కింద నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పైమడి వాళ్లు మడవ తీస్తే మా మడి నిండాల్సిందే, మేం ఆరబెడతాం అంటే కిందమడి వాళ్లు ఊరుకోరు. పైగా కోనో వీడర్, అంటే చేత్తో తోసి కలుపు తీసే పరికరం. బురదలో దాన్ని తోయడానికి మగవాళ్లకే భుజాలు పడిపోయేవి. పది రోజులకోసారి తోయాలి. ఎకరా తోశాక మర్నాడు ఎవరూ రారు.

నైరా_వ్యవసాయం
@బొబ్బిలి_చెరువుకింద మీరు చెప్పిన రెండు కారణాలే చాలాచోట్ల విన్నాను. అయినా శ్రీ వృథా పోలేదని నా నమ్మకం. కుదురుకి (ఒక్కో నాటే చోట) ఆరేడు మొక్కలు గుచ్చే అలవాటు తగ్గి రెండు మూడుకి వచ్చింది, లేత ఆకు నాటాలన్న పట్టింపు పెరిగింది. ఇవి ఆ ప్రదర్శనల పుణ్యమే. ఇప్పుడు మిషన్‌తో నాటేది కూడా లేత ఆకే కదా.

@నాగావళి_గట్టు ఆకు వయసుకి పాత లెక్క ఒకటుంది. పంటకాలం ఎన్ని నెలలో ఆకుకి అన్ని వారాలు. స్వర్ణ అయిదు నెలల పంట కాబట్టి అయిదు వారాల లోపు నాటాలి. అది దాటితే కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టి, కుదుళ్లు దగ్గరగా వేయాలి. ముదిరిన ఆకు కొత్తగా పిలకలు అంతగా పెట్టదు కాబట్టి మొక్కలతోనే ఆ లోటు పూడ్చాలి. ఆకు కొసలు తుంచి నాటితే కాండం తొలుచు పురుగు గుడ్లు కూడా ఆ కొసలతోనే పోతాయి.

నరసన్నపేట_కోడలు
ఇక్కడ రాసేవాళ్లంతా మగవాళ్లే అనిపిస్తోంది. ఉభాలు వేసినదాన్ని కాబట్టి నేను చెప్తాను.

పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తయ్య నాకు నాటడం నేర్పింది. ఎడమ చేతిలో ఆకు కట్ట విప్పి పట్టుకోవాలి. కుడిచేత్తో రెండు మూడు మొక్కలు విడదీసి, వేళ్లు ఉన్న చోట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టి బురదలోకి దించాలి. ఎంత లోతు అన్నదే అసలు పని. రెండు మూడు సెంటీమీటర్లు చాలు. లోతుగా గుచ్చితే మొక్క పడిపోదు, కానీ పిలకలు ఆలస్యం అవుతాయి. మరీ పైపైన పెడితే మర్నాటికి నీళ్ల మీద తేలుతుంది. వేళ్లు వెనక్కి తీసేటప్పుడు చిన్నగా తిప్పితే బురద దానంతటదే మూసుకుంటుంది. అత్తయ్య ఒక సాలు వెనక్కి వెళ్లేసరికి నేను సగంలో ఉండేదాన్ని. ఆవిడ నాటిన మడిలో మళ్లీ ఎక్కడా పూడ్చాల్సిన పని ఉండేది కాదు.

ఇది నైపుణ్యం. కూలీ లెక్కలో దీనికి ఎప్పుడూ విలువ కట్టలేదు. దమ్ము చేసిన మగమనిషికి ఒక రేటు, రోజంతా వంగి నాటిన ఆడమనిషికి అంతకంటే తక్కువ. వానలో గోనె కప్పుకుని, కాలివేళ్ల మధ్య ఒరిసిపోయి రాత్రి పసుపు, కొబ్బరినూనె రాసుకుని, పొద్దున్నే మళ్లీ బురదలోకి. మా ఊళ్లో యాభై దాటిన ఆడవాళ్లు నడుం పట్టుకోకుండా లేవడం నేను చూడలేదు. అందుకని మిషన్ వచ్చిందంటే నాకు బాధ లేదు. మిషన్ వచ్చాక ఆ డబ్బు ఎవరి చేతికి పోతోంది అన్నదే నా బాధ. ఉభాల నెలలో వచ్చే కూలీయే మా వీధిలో ఆడవాళ్ల చేతికి నేరుగా వచ్చే డబ్బు. పిల్లల పుస్తకాలకి, చీటీకి అదే ఆధారం.

రాజాం_ట్రాక్టర్
మీరు చెప్పింది నిజమే అక్కా. కానీ ఉపాధి హామీ వచ్చాక పొలం పనికి ఎవరూ రావడం లేదు, రైతు ఏం చేస్తాడు?

నరసన్నపేట_కోడలు
@రాజాం_ట్రాక్టర్ తమ్ముడూ, ఈ మాట ప్రతి చోటా వింటున్నాను. ఉపాధి పనులు ఎక్కువగా జరిగేది ఎండాకాలంలో. ఉభాలు జులై, ఆగస్టుల్లో. రెండూ ఎక్కడ ఢీకొంటున్నాయి? మనుషులు లేకపోవడానికి కారణం వలస. మా వీధిలో సగం ఇళ్లకి తాళాలు. హైదరాబాద్‌లో, చెన్నైలో, విశాఖలో బిల్డింగుల పనికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లిపోయారు. అక్కడ ఏడాది పొడుగునా పని ఉంటుంది, ఇక్కడ ఉభాలకో నెల, కోతలకో నెల.

చీపురుపల్లి_మాస్టారు
అమ్మాయి మాటతో ఏకీభవిస్తాను. 2006లో పథకం మొదలైన మొదటి విడత జిల్లాల్లోనే విజయనగరం ఉంది. మా వైపు వలస అంతకు ముందు నుంచే ఉంది. పథకం వచ్చాక కూలీ రేటు కొంత పెరిగిందంటే ఒప్పుకుంటాను, పెరగాల్సిందే కూడా. మనుషుల్ని మాయం చేసింది మాత్రం అది కాదు.

రాజాం_ట్రాక్టర్
సరే మాస్టారూ, మీ ఇద్దరి మీద నేను గెలవలేను. వలస మాట నిజమే, మా అన్న కూడా విశాఖలోనే ఉన్నాడు.

గజపతినగరం_కుర్రోడు
మిషన్ నాట్లు మూడు నాలుగు సీజన్లుగా నేనే ఊళ్లలో తిప్పుతున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా. @నాగావళి_గట్టు అన్నా, ఇది మీకోసమే.

మిషన్ అంటే డ్రైవర్ వచ్చి నాటేసి పోవడం అనుకుంటారు. సగం పని ఆకు దగ్గరే ఉంది. మామూలు ఆకుమడి పనికిరాదు. ట్రేల్లో గానీ ప్లాస్టిక్ షీటు మీద గానీ జల్లించిన మెత్తటి మట్టి రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, దాని మీద మోసు కట్టిన విత్తనం ఒకే మందంగా చల్లాలి. పన్నెండు నుంచి పదిహేను కిలోలు ఎకరానికి. మట్టిలో రాయి, పుల్ల ఉంటే మిషన్ గోళ్లు అక్కడే ఇరుక్కుంటాయి. పదిహేను, పద్దెనిమిది రోజులకి వేళ్లన్నీ అల్లుకుని చాపలా చుట్టడానికి వస్తుంది. అప్పుడే నాటాలి. ఇరవై దాటితే ఆకు పొడుగై మిషన్‌లో నలుగుతుంది.

రెండోది దమ్ము. దమ్ము చేసిన వెంటనే మిషన్ దింపితే మొక్క మునిగిపోతుంది. ఒకటి రెండు రోజులు బురద పేరుకోనివ్వాలి, మడిలో నీళ్లు వేలెడు మించకూడదు. మడి చదునుగా లేకపోతే ఎత్తు మీద పెట్టిన మొక్క ఎండుతుంది, గుంటలో పెట్టింది కుళ్లుతుంది.

ఇవన్నీ కుదిరితే కూర్చుని నడిపే మిషన్ గంట, గంటన్నరలో ఎకరం వేసేస్తుంది. చాలా మిషన్లకి వరసల మధ్య దూరం ముప్పై సెంటీమీటర్లు, అది మారదు. మొక్కకీ మొక్కకీ దూరం మార్చుకోవచ్చు. గాలి బాగా ఆడుతుంది, పైరుకి పట్టే సుడిదోమ తక్కువ.

ఇబ్బంది ఎక్కడంటే మన కమతాల్లో. పది సెంట్ల మడి, ఎనిమిది సెంట్ల మడి, మూలకి తిరగడానికి చోటు ఉండదు. ఆ మూలలన్నీ మళ్లీ చేత్తోనే వేయాలి. గట్లు తీసేసి మడులు కలుపుకున్న చోట మిషన్ హాయిగా తిరుగుతుంది. అన్నదమ్ముల మధ్య గట్టు తీయడం ఎంత కష్టమో మీకు తెలుసు, అది నేను చేయలేను.

వంశధార_శివారు
గట్టు మాట ఎత్తావు, సర్వేయర్‌ని కూడా మిషన్ వెనకాల కూర్చోబెట్టుకుని తిరుగు బాబూ.

గజపతినగరం_కుర్రోడు
సీటు ఒక్కటే బాబాయ్ 😀

బెంగళూరు_సిక్కోలు
డ్రోన్‌తో విత్తనాలు చల్లుతున్న వీడియోలు వస్తున్నాయి. మన దగ్గర ఎవరైనా చేశారా?

గజపతినగరం_కుర్రోడు
మా మండలంలో డ్రోన్ మందు కొట్టడానికే వస్తోంది. విత్తనం చల్లడం నేను చూడలేదు. చల్లినా అది ఎదే కదా, ఆకాశంలోంచి చల్లినంత మాత్రాన కలుపు తగ్గదు.

పార్వతీపురం_కొండకింద
ఇక్కడ వరి మాటే నడుస్తోంది, కొండ కింద మాకు చోడి (రాగి) కూడా అంతే ముఖ్యం. మా ఇంట్లో చోడి చల్లేవాళ్లం, లేదంటే ఆకు పోసి దుక్కిలో గుత్తులు గుత్తులుగా నాటేవాళ్లం. ఇప్పుడు గులి రాగి అని నేర్పుతున్నారు. కర్ణాటక హావేరి వైపు రైతులది ఆ పద్ధతి. అడ్డంగా నిలువుగా సాళ్లు తోలి, అవి కలిసిన చోట గుంటలో ఎరువు వేసి రెండు లేత మొక్కలు పెడతాం. కొన్ని రోజులు పోయాక పైరు మీద నుంచి తేలికపాటి దుంగ లాగించి మొక్కల్ని వంచుతాం. వంగిన మొక్క మొదట్లోంచి పిలకలు పొడుచుకొస్తాయి. మొదటిసారి దుంగ లాగుతుంటే మా అమ్మ ఏడ్చినంత పని చేసింది. మాస్టారు చెప్పిన పైరు మీద నాగలి చదివితే అదే గుర్తొచ్చింది, రెండిట్లోనూ మొక్కని కాస్త కష్టపెట్టడమే ఉంది.

ఇంకో మాట. @వంశధార_శివారు పెండిమిథాలిన్, బిస్‌పైరిబాక్ అని మీరు అంత తేలిగ్గా రాస్తే నాకు భయమేస్తోంది. ఏటా అదే మందు కొడితే దానికి చావని ఊద మిగులుతుంది. గట్ల మీద పొన్నగంటి, గుంటగలగర కూడా కనబడకుండా పోతున్నాయి. మా వైపు కొందరు వరికి ముందు ఏప్రిల్, మే నెలల్లోనే నవధాన్యాలు చల్లి, పూతకి వచ్చాక కలియదున్నుతున్నారు. అలా చేసిన మడిలో కలుపు తగ్గింది, నేను కళ్లారా చూశాను.

వంశధార_శివారు
తేలిగ్గా రాయలేదమ్మా, వేరే దారి లేక రాశాను. మా ఇసక కలిసిన భూమిలో ఏప్రిల్‌లో నవధాన్యాలు మొలవాలంటే వాన ఎక్కడిది? జీడితోటల్లో అయితే చేయొచ్చేమో. ఏటా ఒకే మందు కొట్టకూడదన్న మాట మాత్రం నిజం, మా పక్క చేలో రెండేళ్లుగా ఊద ఆ మందుకి లొంగడం లేదు.

పొడి ఎదలో ఇంకో తంటా కూడా చెప్తాను, కొత్తగా వేసేవాళ్లకి పనికొస్తుంది. వాన వెనకబడి మడి ఆరుతూ ఉంటే లేత ఆకులు తెల్లగా పాలిపోతాయి. యూరియా తక్కువైందని కుమ్మరించేస్తారు. అది ఇనుప ధాతువు లోపం. లీటరు నీటికి ఇరవై గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), రెండు గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే పచ్చబడుతుంది.

పొందూరు_పెసర
ఒక సంగతి ఎవరూ చెప్పడం లేదు. వరి ఎలా నాటారన్న దాని మీద వరి తర్వాత పంట ఆధారపడి ఉంటుంది. మేం కోతకి రెండు మూడు రోజుల ముందు, మడిలో తడి ఉండగానే, నిలబడి ఉన్న పైరులోనే పెసర, మినుము చల్లేస్తాం. దుక్కి లేదు, నీళ్లు పెట్టేది లేదు. మంచుకే పండుతుంది. ఉభాలు ఆగస్టు చివరికి జారిపోతే కోత డిసెంబరు దాటుతుంది, తడి ఆరిపోతుంది, అపరాలు పోతాయి. మా ఇంట్లో కూరా పప్పూ కొనకుండా గడిచేది ఆ పెసరతోనే, ఏడాదికి ఒక్కసారి చేతిలో రొక్కం ఆడేదీ దానితోనే.

ఎద వేస్తే వరి వారం, పది రోజులు ముందే కోతకి వస్తుంది. అందుకని నేను ఎద వైపే. కోతకి పెద్ద మిషన్ దింపారంటే మాత్రం చల్లిన పెసరంతా చక్రాల కింద పోతుంది, మడి నిండా గాడులు పడతాయి. చేత్తో కోసుకోగలిగినవాళ్లకే ఈ లాభం.

నైరా_వ్యవసాయం
@పొందూరు_పెసర చాలా ముఖ్యమైన సంగతి. మిషన్‌తో కోసేవాళ్లు కోత అయ్యాక తడి ఉంటే మొక్కజొన్న దున్నకుండా గుంటలు చేసి పెట్టుకోవచ్చు, విజయనగరం వైపు చాలామంది అదే చేస్తున్నారు. దానికి నీటి వసతి కావాలి మరి.

వంశధార_శివారు
తుపాను లెక్క కూడా చూసుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ మా నెత్తి మీదే తీరం దాటింది. ముందు వేసిన ఎద పాలు పోసుకునే దశలో పడిపోయింది, ఆలస్యంగా నాటిన ఉభాలు పూతలో ఉండి తాలు అయిపోయాయి. ఏదీ పూర్తిగా దక్కలేదు. పడిన పైరులో కొంత గింజ దక్కింది, తాలు పోయిన దాంట్లో గడ్డి తప్ప ఏమీ రాలేదు. ఒకేసారి అంతా ఒకే దశలో ఉండకుండా చూసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది.

నాగావళి_గట్టు
అన్నీ నాన్నకి చదివి వినిపించాను. మాస్టారి పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు. పైరు మీద నాగలి మాట వినగానే, వాళ్ల తాత కూడా ఏటి ఒడ్డు మడిలో అలాగే దున్నేవాడని, తనని నాగలి వెనక ఆకు సర్దడానికి పంపేవాళ్లని చెప్పుకొచ్చారు. ఇన్నేళ్లలో ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

ఇంట్లో కుదిరిన మాట ఇది. కాలవ పక్కన చదునుగా ఉన్న ఎకరంన్నర మిషన్‌కి. మెరక మీదున్న ఎకరం డ్రిల్‌తో పొడి ఎద, నాలుగు నెలల రకం, వెనకాల పెసర. మిగతాది ఉభాలే. ఏటి పక్కనున్న కౌలు భూమి గురించి తెగలేదు. నాగావళి పొంగితే వారం రోజులు మునుగుతుంది. ఎద వేస్తే లేత మొక్క కుళ్లిపోతుందని నాన్న, ఉభాలు వేసినా అంతేనని తమ్ముడు.

నైరా_వ్యవసాయం
మునక భూమి విషయంలో మీ నాన్నగారి మాటే సరి. మునిగే చోట మొలకెత్తిన ఎద నిలవదు. నాలుగు వారాలు దాటిన గట్టి ఆకు నాటండి. రకం కూడా స్వర్ణ సబ్-1 తీసుకోండి, 2009లో విడుదలైంది. స్వర్ణలాగే ఉంటుంది, రెండు వారాల దాకా మునక తట్టుకుంటుంది. నీళ్లు తీసిన వెంటనే యూరియా చల్లొద్దు, మొక్క కొత్త ఆకు వేసేదాకా ఆగండి.

గజపతినగరం_కుర్రోడు
ఎకరంన్నరకే మిషన్ అంత దూరం రాదన్నా, డీజిల్ ఖర్చు కలిసిరాదు. మీ పక్క రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక అయిదారు ఎకరాలు చేస్తే ఎవరైనా వస్తారు. ట్రేలు కూడా అద్దెకి దొరుకుతాయి, ఎకరానికి ఎనభై నుంచి వంద కావాలి. అందరి ఆకూ ఒకే రోజు పోయండి, లేకపోతే ఒకరిది లేతగా, ఒకరిది ముదురుగా తేలుతుంది.

బెంగళూరు_సిక్కోలు
మా పెదనాన్న వాళ్లది కూడా బూర్జ దగ్గరే, రెండెకరాలు. ఈ థ్రెడ్ పంపాను, మిషన్‌కి కలుస్తామన్నారు. నంబర్ మెసేజ్‌లో పెడతాను అన్నా.

నాగావళి_గట్టు
పెట్టు తమ్ముడూ. ఇంకో ఇద్దరిని నేను అడుగుతాను. ఉభాలకి జట్టే ఇంకా కుదరలేదు.

నరసన్నపేట_కోడలు
మా వీధిలో పదిహేను మంది జట్టు ఉంది, అత్తయ్య దగ్గర నేర్చుకున్నవాళ్లే చాలామంది. పునర్వసు కార్తెలో మా ఊరి పని అయిపోతుంది, తర్వాత ఖాళీ. వ్యాన్ మీరే పంపాలి, మధ్యాహ్నం అన్నం పెట్టాలి. గుత్త కాదు, రోజు కూలీ, మగవాళ్లకి ఎంత ఇస్తారో అంతే ఇవ్వాలి. ఒప్పుకుంటే ఆదివారం లోపు చెప్పండి, పోలాకి వాళ్లు కూడా అడుగుతున్నారు.